రెండు పురుళ్ళు

ఢిల్లేసు వొచ్చిన పొద్దు
నాకు పురిటి నాలుగో రోజు.
ఆటో ఇంటి ముందర ఆగనేదు.
కవిటి రోడ్డు మీద నుంచే దిగి
జీడితోటలో కాపలా పాకకి ఎలిపోనాడు,
భుజాన వెల్డింగు సంచీ
జేబులో ఎయిర్‌పోర్టోళ్ళు ఇచ్చిన థర్మామీటరూ.

"ఇరవయ్యొక్క రోజులు" అన్నాడు ఫోన్లో.
"నాకూ అంతే కదేటి" అన్నాను.
ఇద్దరం నవ్వినాం. తర్వాత
ఎవరం ఏటీ మాట్లాడనేదు.

గాలిలో వొస్తాదన్నారు.
కొబ్బరాకు మీద వాలిన కాకి తెస్తాదన్నారు.
బడ్డీకొట్టు నీలాచలం
ఆడు పంపిన నోటుని సీపురుపుల్లతో తిప్పి సూసినాడు.
నర్సు సుగుణమ్మే కుళాయి కాడ నిలబడి అరిసింది:
జొరం రాకముందు అంటదు,
వొచ్చినోడి వాంతీ సెమటా నెత్తురూ ముట్టినోళ్ళకే వొస్తాదీ అని.
అంటే, తుడిసినోళ్ళకి.
పక్కన పడుకున్నోళ్ళకి.

మాకు ఇది కొత్తా?
కిడ్నీల ఊరు మాది. మా ఊరి పేరు సెప్తే
సంబంధం మాట మింగేసినోళ్ళున్నారు.
మా నాన్న వారానికి రెండుసార్లు
డయాలిసిస్‌కని శ్రీకాకుళం బస్సెక్కుతాడు,
సెయ్యి మీద ఉబ్బిన నరాన్ని తువ్వాలుతో కప్పుకొని.

రాత్రి పిల్ల పాలు తాగుతుంటే
నా సెవిలో మన్రోవియా.
ఆడి పక్కన పని సేసిన మోమోలు,
మోమోలు పిన్నికి జొరం, పోయింది.
ఆళ్ళమ్మ అక్కకూతురిలాగ కూకోనేదు, తనే నీళ్ళు పోసింది,
జుట్టు విప్పి దువ్వింది, గోళ్ళు కూడా కడిగింది.
మన కాడ పసుపు రాసి పోస్తాం కదా, అలాగే అన్నాడు ఢిల్లేసు.
ఎనిమిదో రోజుకి ఆమెకి జొరం.

పచ్చ తొడుగులోళ్ళు వొచ్చినారు. కళ్ళు కూడా అద్దాల ఎనకే.
టార్పాలిను గుడారంలో మంచం, బక్కెట్టు, సెలైను,
ఉప్పూ పంచదారా నీళ్ళు, పిల్లల ఇరేసనాలకి మనం ఇచ్చేవే.
అప్పటికి వేరే మందు నేదంట,
ఒళ్ళు గెలిసేదాకా ఒంట్లో నీరు నిలబెట్టడమే.
మోమోలు పెళ్ళాం గెలిసింది. కాగితం ఇచ్చినారు.
ఆ కాగితం సూపించినా
సంతలో ఆమె వేపిన అరటికాయ ఎవరూ కొననేదు.
ఆళ్ళమ్మ నాలుగో రోజు పోయింది.
రెండు దడుల అవతల నుంచి సూసినాడు, సంచీని.

ఆళ్ళు పాతిపెడతారు. ఆ ఏడు కాల్సమన్నారు.
"మీరు కాలుస్తారు కదా,
తర్వాత అమ్మ కాడికి ఎక్కడికెల్తారు?" అని అడిగినాడంట.
"బారువ. సముద్రం" అన్నాడంట ఈడు.
"సముద్రమైతే మాకూ ఉంది.
బూడిదే ఇవ్వనేదు."

పన్నెండో రోజు తొంబైతొమ్మిది పాయింటు ఆరు.
పాక రేకుల ఏడి అన్నాడు. కావొచ్చు.
నాను తెల్లార్లూ తోటకేసి సూస్తూనే ఉన్నాను,
ఆడి బీడీ నిప్పు కనపడినప్పుడల్లా ఊపిరి తీసుకొని.
పొద్దున తొంబైయెనిమిది.
గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడంట.

నా ఇరవయ్యొకటి ఆడి పదిహేడు.
మా అత్త ఉయ్యాల కట్టేసింది.
పిల్లని ఎయ్యనన్నాను.
ఆచారం తప్పుతాదే అంది. నాలుగు రోజులు
ఖాళీ ఉయ్యాల గాలికి కిర్రుమంటూనే ఉంది.

వొచ్చినాడు.
రెండుసార్లు తానం సేసి, గడప అవతల నిలబడి
సేతులు ఎనక్కెట్టుకున్నాడు.
ఆ సేతుల్లో ఇంకా బ్లీచింగు వాసన.
పిల్లని ఉయ్యాల్లో ఏసీసరికి గుక్కపెట్టింది.
అప్పుడే ఫోను మోగింది, మోమోలు.

నాను పాలివ్వబోయినాను.
ఢిల్లేసు సెయ్యి ఎత్తి ఆపినాడు,
ఫోను ఉయ్యాల దగ్గరికి ఒంచి
మాట తెలుగు సేసినాడు:

"అప్పుడే ఊరుకోబెట్టొద్దంట."