క్యూలో మూడో రోజు

గుడిపాల రోడ్డున గుజ్జు ఫ్యాక్టరీ గేటు దాకా
మా ముందర నూటాపదిహేడు బండ్లు.
ఎనకాల ఎన్నో నేను లెక్కపెట్టలే.
పట్ట కింద తోతాపురి మగ్గతా ఉంది,
తొడిమ కాడ నల్లమచ్చ మొదలయింది.
స్టీరింగు మీద గడ్డం ఆనించి
చెంగల్రాయులన్న అంటాడు:
"ఇరవై సెకండ్లురా.
ఇరవై సెకండ్లకి నలభై పోయేవి."

ఆయన మిలిటరీలో పదిహేడేండ్లు తోలింది కూడా లారీనే.
రష్యా లారీ. తొట్టి ఉండాల్సిన చోట గొట్టాలు,
వరసకి పది, నాలుగు వరసలు,
తేనెపట్టు నిలువునా కోసి ఆకాశానికి చూపించినట్టు.
కాల్చడం దాని పనిలో సగమేనంట,
తతిమ్మా సగం పారిపోవడం.
ఆఖరుది గొట్టం దాటిందో లేదో
క్లచ్చు తొక్కాల, గేరు మార్చాల.
పొగని చూసి అవతలోడు కొడతాడు,
కొట్టేసరికి అక్కడ
కాలిన గడ్డి తప్ప ఏమీ ఉండకూడదు.

టీ తాగతా ఇంకా ఎనక్కి పోతాడు.
"ఈ పిచ్చి మన పక్కనే ముదిరిందిరా.
ఇదిగో, నరసింగరాయనిపేట కాడ
డేరాలో కన్ను మూసినాడే హైదరు, ఆయన దండులో.
ఇనప గొట్టం, లోపల మందు, తోకకి వెదురుబొంగు.
అది ఎటు పోతాదో వదిలినోడికీ తెలీదు,
గుర్రాలకి అసలే తెలీదు.
తెల్లోడు దాన్ని సీమకి ఎత్తకపోయినాడు.
నూటారవై ఏండ్లకి రష్యావోడు
సరుకులు మోసే లారీ మీద పట్టాలు బిగించి
వరసగా పేర్చినాడు.
రాత్రిపూట అది ఊళపెడితే
జర్మనీ సిపాయిలు చెవులు మూసుకొన్నారంట."
గ్లాసు కడిగి బోర్లించినాడు.
"సరుకు లారీకి ఆ ఏడుపు ఎవురు నేర్పినారో."

ఇప్పుడు మన బండే వచ్చిందంట,
పన్నెండు గొట్టాలు, శివుని వింటి పేరు.
బాగుందే పేరు అని నేను నవ్వితే
ఆయన నవ్వలే.

"అవి పడిన చోటు చూసినావా అన్నా?"
కుడిచెవి చెవుడు, రెండుసార్లు అడిగినా.
"కనపడే చోటికి కొట్టే పని కాదురా మాది.
కొండకి అవతల. కాగితం మీద నంబర్లు.
ఒక్కసారి, అంతా అయినాక,
రేషను తోలుకొని ఆ దారిన పోయినా.
రాళ్ళు పిండి అయిపోయుండాయి.
పిండిలో ఒక టీ కెటిలు, సొట్ట కూడా లేదు.
మూత మూసే ఉండింది."
తరువాత?
"తరువాత ఏముంది. మూత తియ్యలే."

రాత్రి పదకొండుకి మురకంబట్టు పక్క
ఎవరిదో పెండ్లి. జువ్వ ఒకటి సుయ్యిమని లేచింది.
నిద్రలోనే ఆయన చెయ్యి తాళం తిప్పింది,
ఎడమకాలు క్లచ్చు మీదకి పోయింది.
లారీ అంతా వణికింది.
ముందర జానెడు దూరంలో ఇంకో లారీ,
ఎనక బంపరుకి ఆనుకొని ఇంకోటి,
రెండు పక్కలా కాలవ.
పెదాలు కదలతా ఉండాయి, లెక్క.
ఇరవై దాకా పోయినాడనుకొంటా.

తాళం తిప్పి ఆపేసినాడు.
"డీజిలు దండగ," నాతో కాదు, ఎవురితోనో.

పట్ట కింద నుంచి రసం కారతా ఉంది,
చక్రం కాడ చీమలు.
తెల్లారి కిలో నాలుగు రూపాయలన్నారు,
ఆ తరువాత మూడున్నర.
పొద్దెక్కినాక ముందరి బండి కదిలింది.
ఒక్క బండి పొడుగు.