తోడు

ఖజ్రీ గాలి మూడు రోజులుగా కాస్పియన్ మీంచి కొడుతోంది.
నాలుగో బేసిన్‌లో నురగ లేచి
రెయిలింగ్ దాటి నా బూట్ల మీద పడుతోంది.
గోధుమరంగు నురగయితే భయపడను.
ఇది తెల్లగా ఉంది.

మైక్రోస్కోపు కింద ఒక్క చుక్క.
నిన్నటిదాకా కాడ చివర గంటల్లా ఊగినవి
ఇవాళ ఊగడం లేదు.
కొన్ని కాడ నుంచి ఊడిపోయాయి.
రాత్రి షిఫ్టులో ఎవరో
ఫినాల్ నీళ్లు ఒక్కసారిగా వదిలేశారు.
రిజిస్టరులో ఆ గంటకెదురుగా
సంతకం మాత్రం ముత్యాల్లా ఉంది.

నూనెని పైనుంచి తీసేయొచ్చు, మీగడ తీసినట్టు.
తేలననేదాన్ని గాలిబుడగలకు కట్టి తేల్చొచ్చు.
కరిగిపోయినదాన్ని మాత్రం
ఎవరో ఒకరు తినాలి.
ఆ తినేవాళ్లు చచ్చిపోయారు
అని ఫోన్లో ఇస్మత్ ముఅల్లిమ్‌కి చెప్పాను.
అటువైపు చక్కెరబిళ్ల కొరికిన చప్పుడు.
"సముద్రం గేటు మూసెయ్, రూహంగిజ్ ఖానుమ్."
అది నేనెప్పుడో మూశాను.
నిల్వ చెరువు నిండితే ఏంటన్నది
ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు.

మధ్యాహ్నం అగాబాలా ట్యాంకరేసుకొచ్చాడు.
ఊరి మురుగు శుద్ధి చేసే చోటు నుంచి
పన్నెండు టన్నుల నల్లటి బురద.
ముక్కు మూసుకోకుండానే గొట్టం బిగించి
"మా వీధివాళ్లది కూడా ఉంటుందిందులో,
మర్యాదగా చూసుకో" అన్నాడు.

మా అత్త గుర్తొచ్చింది.
కాగిన పాలల్లో చిటికెనవేలు ముంచి
ఏడు దాకా లెక్కపెట్టగలిగితేనే తోడేసేది.
గిన్నెకి ఉన్ని శాలువా చుట్టి
కదపొద్దు, మూత తీసి చూడొద్దు అనేది.
ఒక చలికాలం మా తోడు చెడిపోతే
రెండేళ్లుగా మాటల్లేని పక్కింటావిడ
తలుపు కొట్టి, ఏమీ అనకుండా,
ఒక్క చెంచా ఇచ్చిపోయింది.

నీళ్లు ముప్పై ఒక డిగ్రీ.
కాస్త ఫాస్ఫేటు.
ఫినాల్‌ని పసిదానికి ఉగ్గు పెట్టినట్టు
చుక్క చుక్కగా అలవాటు చేశాను.
రోజూ మూత తీసి చూశాను, అత్తా, క్షమించు.

పద్దెనిమిదో రోజు చుక్కలో
ఒకటి కాడ మీద నిలబడి
స్ప్రింగులా ముడుచుకుని
మళ్లీ విచ్చుకుంది.
ఒకటే.

ఇస్మత్ ముఅల్లిమ్‌కి ఇంకా చెప్పలేదు.
చెబితే గేటెప్పుడు తెరుస్తావంటాడు.
గాలికి వీపు పెట్టి నిలబడి
అగాబాలాకి ఫోన్ చేశాను.
"మీ వీధివాళ్లు
కుదురుకుంటున్నారు" అన్నాను.