సోమశిల దాకా

మూడో పొద్దుకు పిక్కలు మాట వినుడు మానినయి.
డిండి కట్టకు సైకిళ్లు ఆనిచ్చి
జొన్నరొట్టెల మాడిన అంచులు కొరికినం.
జంగయ్య, రిటైరైన లైన్‌మన్, ఊర్ల పేర్లు చెప్పడు.
"ఈ ట్రాన్స్‌ఫార్మర్ కిందనే
నాగుబాము నా బూటు మీదికెళ్లి పోయింది" అంటడు.

పత్తిచేను కాడ నీళ్లడిగితే
బింద వంచుతనే ఆమె, "ఏమమ్ముతున్నరు?"
ఏం లేదక్కా, ఊకె చూసుకుంట పోతున్నం.
ఆమె వెనక్కి తిరిగి తన చేను దిక్కు చూసింది,
ఏమున్నదా అని.

అచ్చంపేట దాటినంక వాన.
చెయిన్ రెండుసార్లు ఊడింది.
సీతాఫలం తుప్పల కింద నిలబడి
గింజలు ఎవరు దూరం ఉమ్ముతరని పందెం.
ఆయనే గెలిచిండు.

ఏడోనాడు కొల్లాపూర్ అవతల దిగుడు.
తొక్కకుండనే గాలి మమ్ముల మోసుకపోయింది.
సోమశిల కాడ కృష్ణ,
అవతల నీలంగ నల్లమల.
జంగయ్య అటు జూసిండు, ఇటు జూసిండు.
అంత నీళ్లల్ల ఒక్క స్తంభం లేదు.
లెక్కపెట్ట ఏమీ లేక, చెప్పులిడిచి
మోకాళ్ల లోతుల చానాసేపు నిలబడ్డడు.

సైకిళ్లు టాపు మీదేసి బస్సుల పోదామంటే,
టైరుకంటిన ఎర్రమట్టి కడుగుకుంట
"వచ్చేటప్పుడు కుడిపక్క లైను చూసుడే కాలే" అన్నడు.