మంచుగీత

బండి వెనక క్యాన్ కట్టుకుని
కొండపి నుంచి జరుగుమల్లి దాకా పదకొండేళ్ళు తిరిగాను.
మూత తీస్తే తెల్లటి పొగ,
పొగ అడుగున గిత్తలు.
చచ్చి తొమ్మిదేళ్ళయిన ఒంగోలు గిత్త ఒకటి
గడ్డిపోచంత స్ట్రాలో ఇంకా పడుచుగానే ఉంది.
ఆవు ఎదకొచ్చి అరుస్తోందని రైతు ఫోన్ చేస్తే
గోరువెచ్చటి నీళ్ళలో అరనిమిషం ముంచి
దాన్ని నిద్ర లేపేవాణ్ణి.

పొగాకు బ్యారన్లు మండే రోజుల్లో
నాకు ఒక పక్క గట్టిపడింది, చింతగింజంత.
నొప్పి లేదు.
బండి సీటు తగిలుంటుందిలే అని రెండు నెలలు ఊరుకున్నాను.
పశువుకైతే ఆ రోజే చెయ్యి పెట్టి చూసేవాణ్ణి.

నెల్లూరులో పెద్ద డాక్టరు కాగితం మీద బొమ్మ గీశాడు.
"ఒకటి తీసేస్తాం, తర్వాత మందు, మూడు విడతలు.
బతుకుతావు మాలకొండయ్యా, దీన్నుంచి బతుకుతారు."
మా అన్న చేతులు జోడించాడు.
పెంచల గోడమీది క్యాలెండరు చూస్తా ఉంది.
ఇంకెవరూ ఏమీ అడగలేదు. నాలోని పశువుల మనిషి అడిగాడు:
"సార్, ఆ మందు విత్తనాన్ని కూడా చంపుద్దా?"
పెన్ను ఆగింది.
"చంపొచ్చు. కొందరికి రెండు మూడేళ్ళకి తిరిగొస్తుంది.
కొందరికి రాదు."
"అయితే ముందే దాచండి. మీకాడా క్యాన్ ఉంటుందిగా."

చిన్న గది. ప్లాస్టిక్ డబ్బా. సరిగా పడని గడియ.
బయట అన్న దగ్గు.
గిత్తకైతే ఎదర ఓ తోడునైనా నిలబెడతారు,
నాకు తెల్ల టైల్సు.
మూడు స్ట్రాలు వచ్చాయి.
మంచి గిత్త ఒక్కసారికి మూడొందలిస్తుంది.
లెక్కేసుకుంటే నవ్వొచ్చింది,
నవ్వుతూనే చేతులు కడుక్కున్నాను.

మందుకి జుట్టు పోయింది, మీసం పోయింది,
చద్దన్నంలో ఉల్లిపాయ ఇనుము వాసనేసింది.
మీసం తిరిగొచ్చింది.
ఏడాదికీ, రెండేళ్ళకీ, పరీక్ష కాగితంలో ఆ గడిలో మాత్రం
సున్న.
పక్కన ఇంకేమీ లేదు.

ఈ చేతుల్తోనే
పట్టకారు బిగించి ఎన్ని కోడెల్ని ఎద్దుల్ని చేశానో.
టక్కుమనేది. లేచి, కాస్త ఎడంగా నడిచి, గడ్డి కొరికేవి.
వాటి కళ్ళలోకి ఎప్పుడూ చూడలేదు నేను.

మనకు గొడ్రాలు అనే మాటుంది.
దానికి మగజంట మా ఊళ్ళో ఎవరి నోటా వినలేదు.
ఉన్న ఒక్క మాటా పోయి పెంచల మీద పడింది,
ఉపాధి పనికాడ, మస్టరు వేసేచోట.
"నాలోనే ఏదో ఉందంట పిన్నీ"
అనేసి మట్టి గంప ఎత్తుకునేదంట.
నాకు తెలిసేసరికి ఆర్నెల్లు.

కామేపల్లిలో కోటమ్మవ్వ ఆవు.
తొడుగేసిన చెయ్యి భుజం దాకా లోపలుంది.
"ఊరి గొడ్లన్నిటికీ చూడి కట్టిస్తావు,
నీ పెళ్ళానికేం రోగంరా?"
చెయ్యి తియ్యకుండానే చెప్పాను.
"రోగం నాదవ్వా. కేన్సరు.
మందు పోసి దాన్ని చంపారు, దాంతోపాటు ఇదీ చచ్చింది.
మా పెంచలకే లోపమూ లేదు."
ఆవు కాలు మార్చింది.
అవ్వ చాలాసేపు తోక పట్టుకునే నిలబడింది.
తర్వాత సబ్బుబిళ్ళ, చెంబుతో నీళ్ళు తెచ్చి
తానే పోసింది నా చేతుల మీద.

ఒక స్ట్రా వాడారు. నిలవలేదు.
రెండున్నాయి.

సోమవారం సాయంత్రం క్యాన్‌లో కర్ర ముంచి తీస్తాను.
మంచు ఎంతవరకు పడితే నత్రజని అంత.
రిజిస్టర్లో రాసి నెల్లూరుకి ఫోన్ చేస్తాను.
మొదట్లో ఆ ల్యాబు పిల్ల నవ్వేది,
"మేం చూసుకుంటాంలే అన్నా" అని.
ఇప్పుడు నేనడక్కముందే చెబుతుంది:
"పద్నాలుగు అంగుళాలన్నా."
గిత్తల నెంబర్ల కింద
అదీ రాసుకుంటాను.