తప్పు పదకొండు

ఈ పెట్టెకు మాటలు తక్కువ.
అంకెల్లో మాట్లాడుతుంది, అదీ అడిగితేనే.
నేను కొట్టిన అక్షరాల్ని కీచుకూతలుగా మార్చి
కొండ మీది టవరుకి అందించే ఎన్‌కోడర్.
బూడిద రంగు, ఒక మూల సొట్ట,
మూత మీద ఎవరిదో కాఫీ కప్పు వదిలిన వలయం.

పదిహేడేళ్లు రాత్రి డ్యూటీలు చేశాక
దీని విసుగులన్నీ నాకు కంఠతా వచ్చు.
తప్పు రెండు: సందేశం మరీ పొడుగు.
(మంట మండుతుంటే మర్యాదలెందుకు, కుదించు.)
తప్పు నాలుగు: లెక్క కుదరలేదు,
దారిలో ఒక బిట్టు కాలు జారింది, మళ్లీ చెప్పు.
తప్పు ఏడు: వరుస నిండిపోయింది, ఆగు.
ఏడంటే నాకు గిట్టదు.
అన్నీ బాగుంటే ఒకటే మాట: సరే.

కొత్తగా చేరిన టింకారా అడిగింది మొన్న,
"సరే అంటే వాళ్లకి అందినట్టేనా?"
నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.
సరే అంటే గాలిలోకి విసిరానని, అంతే.
నడుముకి తగిలించుకునే ఆ చిన్న పేజరుకి
చెవి ఉంది, నోరు లేదు.
విన్నదో, సోఫా కింద పడి ఉందో,
పెట్టెకి తెలీదు, నాకూ తెలీదు.
ఫైరింజను బయల్దేరిందని ఎవరో ఒకరు రేడియోలో అరిచేదాకా
నా చేతిలో ఉన్నదల్లా ఒక సరే.

ఇళ్ల కప్పుల మీద రాళ్లు పెట్టుకునే ఊళ్లు మావి.
ఫిబ్రవరిలో, బుర్యా గాలి
ఆ రాళ్లని కూడా లెక్కచేయని రాత్రి,
గూడ్సు బండి బ్రేకు రవ్వకి
పట్టాల పక్క పైన్ చెట్లు అంటుకున్నాయి.
తొమ్మిది ఊళ్ల దళాలకి ఒకేసారి ఆజ్ఞ కొట్టాను.
ఏడు.
మళ్లీ కొట్టాను. ఏడు.
గుంపు వదిలేసి ఒక్కొక్క నంబరూ వేలితో
నాలుగు, సరే, సరే, ఏడు, సరే,
ఆ వడిలో చూసుకోలేదు,
వెంత్సెల్ గొర్యాన్ నంబరు కూడా కొట్టేశాను.

వెంత్సెల్ నవంబరులో పోయాడు.
మంటల్లో కాదు, నిచ్చెన మీంచి కాదు,
పళ్ల డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చుని.
నంబరు తీసెయ్యమన్న కాగితం నా సొరుగులోనే ఉంది.
పెట్టె క్షణమైనా తటపటాయించలేదు:
సరే.

ఆరు నిమిషాలకి రేడియోలో ఆడగొంతు,
బొంగురుగా, నిద్రలోంచి లేచినట్టు:
"షెడ్డు తీశాను. తాళాలు ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి కదా.
కుర్రాళ్లు ట్యాంకరు తీస్తున్నారు. ఎటు పొమ్మంటారు?"
రొజాలియా.
రొట్టెల డబ్బా మీది పేజర్ని ఆమె ఆపలేదట.
నెలనెలా బ్యాటరీ మారుస్తుందట.
ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.
దారి చెప్పాను: గేటు దాటి ఎడమకి, పట్టాల వెంబడే.

తెల్లారి, పొగ వాసన ఇంకా కిటికీ వదలకముందే
కాగితం తీసి ముందు పెట్టుకున్నాను.
నంబరు తొలగించు, అని కొట్టాను.
పెట్టె అడిగింది: అవునా, కాదా?
ఆలోచించుకోడానికి ముప్పై సెకన్లు ఇస్తుంది.
టింకారా కాఫీ తెచ్చి చక్కెర ఎంతని అడిగింది.
రెండు చెంచాలన్నాను.
నేను చక్కెర వేసుకోను.

తప్పు పదకొండు: సమయం మించింది,
ఆజ్ఞ రద్దు.

లాగ్ పుస్తకంలో అలాగే ఎక్కించాను.
కారణం అన్న గడిలో
గాలి, అని రాశాను.