వాన రాకముందే

నూట ఎనిమిది.
కాగితం మీద అంకె చూసి
ల్యాబుకి మళ్లీ ఫోన్ చేశాను.
సరిగానే చూశామన్నారు.
సెయింట్ జాన్స్‌లో ఆ రాత్రి పొగమంచు
ఆసుపత్రి అద్దాలకు తడిగుడ్డలా అంటుకుని ఉంది.

ఏడో నంబరు మంచం. ఫిలొమినా కియర్లీ, ఎనభై మూడేళ్లు.
బీపీకి నీళ్ల మాత్ర,
ఉప్పు తగ్గించమన్న డాక్టరు మాట,
మొగుడు పోయాక ఒక్క ప్రాణానికి వంటెందుకని
మూడు పూటలా టీ, కాల్చిన రొట్టె.
చెప్పిన మాట జవదాటని మనిషి.
ఆ బుద్ధిమంతనమే ఇక్కడిదాకా తెచ్చింది.

"చేపల్ని బోర్లించండర్రా, వానొస్తోంది!"
వెంటిలేటర్ల రొద మధ్య అరుస్తుంది.
దుప్పటి అంచు పట్టుకుని తిప్పుతుంది,
ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి.
నన్ను లియో అంటుంది.
నా జడ చూసి కూడా లియో అనే అంటుంది.

మేనల్లుడు తడిసిన టోపీ నలుపుతూ అడిగాడు:
"ఉప్పే కదమ్మా, కొట్లో డాలరుకి దొరికేది.
ఓ గుప్పెడు ఎక్కించలేరా?"

ఎలా చెప్పను,
నీరు పట్టిన మెదడు
ఆ లేమితోనే కాపురం నేర్చుకుందని,
ఆత్రపడి నింపితే
లోపలి నరాల తొడుగు ఊడిపోతుందని,
కళ్లు తెరిచి కూడా
నాలుక కదపలేని చోట మనిషి మిగిలిపోతుందని.
రోజుకి ఎనిమిది దాటకూడదు.
చుక్క. ఆగు. చుక్క.

ఆమె వేళ్ల సందుల్లో ఉప్పు కొరికిన పాత మచ్చలు.
పన్నెండో ఏటినుంచీ ఒడ్డున కర్రల మంచెల మీద
కాడ్ చేపలు ఎండబెట్టేదట.
ఉప్పు ఎక్కువైతే చేప కాలిపోతుంది,
తక్కువైతే జిగురెక్కుతుంది.
తూకం లేదు, పిడికిలికే తెలుసు.
నా దగ్గర పంపు ఉంది, అంకెలున్నాయి,
చేతికి మాత్రం ఏమీ తెలీదు.

నూట పన్నెండు. నూట పదిహేను.
రెండో రాత్రి మూత్రం ఏరులా వచ్చింది,
అంకె పరుగందుకుంది.
ఉప్పు ఆపేసి తీపి నీళ్లు వదిలాం,
ఎక్కించిన దాన్నే బతిమాలి కిందికి దించుతూ
తెల్లవార్లూ.

ఆరో రోజు నూట ముప్పై నాలుగు.
నా పేరడిగింది. ఊనా, అన్నాను.
సూపు ఓ చెంచాడు నోట్లో పెట్టుకుని
మొహం చిట్లించి గిన్నె పక్కకి జరిపింది.
బయట వాన మొదలైంది.
అటే చూస్తూ, నిదానంగా,
"చేపలు లోపల పెట్టారా?" అంది.

కాగితం మళ్లీ చూశాను.
నూట ముప్పై నాలుగే.

"పెట్టేశాం," అన్నాను.
"ఒక్కటీ తడవలేదు."