మూడో కట్టు

వ్యాసర్‌పాడి బ్రిడ్జి దిగగానే ఎడమచేతి పక్క
మా నాయన పెట్టిన పుత్తూరు కట్టు అంగడి.
బోర్డు మీద తెలుగు సగం చెరిగింది, అరవం నిలిచింది.
అక్కడికొచ్చాడు, ఆటోలోంచి మంచి కాలు ముందు దించి,
పరాగ్వే దేశపు మనిషి. ఎవారిస్తో అట పేరు,
పెరంబూరు క్లబ్బుకు కొత్త మేనేజరు.
ప్రాక్టీసులో పిల్లలకు ఏదో చూపించబోయి
మోకాలి చిప్ప తప్పించుకున్నాడు.

వెంటవచ్చిన గోల్‌కీపరు ఇన్బన్
ఆయన ఇంగ్లీషును అరవం చేస్తే
నేను దాన్ని లోపల్లోపల తెలుగు చేసుకున్నాను.
ఎముకకు ఇదేమీ అక్కర్లేదు.
వేళ్ళు పెడితే తనే మొదలుపెడుతుంది.

కుడి చీలమండ: పదిహేడో ఏడు, ఎర్రమట్టి నేల,
అన్న బూట్లు, రెండు సైజులు పెద్దవి.
ముంగాలి మీద గుంట: రాజధానిలో మొదటి సీజను,
తన్నినవాడు తర్వాత తోడల్లుడయ్యాడు.
మోకాలు.
అక్కడ నా వేలు ఆగింది.
మూడు కుట్ల గీతలు, ఒకదాని మీద ఒకటి,
సంతకం నేర్చుకుంటున్నవాడి రాతలా.
ఇరవై తొమ్మిదేళ్ళు, ఎనభై ఎనిమిదో నిమిషం.
ఎవరూ తాకలేదట.
తను తిరిగాడు, మోకాలు తిరగలేదు.

ఆడినన్నాళ్ళూ దెబ్బలన్నీ కాళ్ళకే.
మేనేజరయ్యాక అవి పైకి పాకాయి.
కడుపులో పుండు బొలీవియాది,
గొంతు బొంగురు ఈక్వెడార్‌ది,
మాల్టాలో ఏమైందో చెప్పకుండా
కొరికేసిన గోళ్ళు చూపించాడు.
పదకొండేళ్ళలో ఏడు క్లబ్బులు.
"గీత ఇవతల నిలబడి ఆడే ఆటలో
ఫౌల్ చేసినవాడెవడో కనపడడు" అన్నాడు. నవ్వాడు కూడా.

కోడిగుడ్డు సొన, ఆకు పసరు, వెదురు బద్దలు.
లాగేముందు మనిషిని మాటల్లో పెట్టమనేవాడు నాయన.
మీ ఊళ్ళో వానలెప్పుడు, అడిగాను.
ఇన్బన్ నోరు తెరిచేలోపే లాగేశాను.
అరిచాడు.
ఇంగ్లీషు కాదు, స్పానిష్ కూడా కాదట,
వాళ్ళమ్మ మాట్లాడే గ్వారనీ.
ఏమన్నావంటే కాసేపు ఫ్యాను వైపు చూసి
"వాన అన్నాను" అన్నాడు.
అబద్ధం. నలభై ఏళ్ళుగా ఈ బల్ల మీద
ఆ కేక వింటున్నాం, ఏ భాషలోనైనా ఒకటే మాట.

రెండో కట్టుకు వచ్చేసరికి మూడు మ్యాచులు పోయాయి.
చంకలో తెల్లబోర్డు, దాని మీద అయస్కాంతపు బిళ్ళలు.
ఎడమ డిఫెండరు బిళ్ళ ఎక్కడో పడిపోయిందని
నా దగ్గర వెదురు ముక్క అడిగి
పసరుతో అతికించాడు.
"వి లాస్ట్" అన్నాడు.
ఇన్బన్ తటపటాయించాడు: మేమా, మనమా?
అది విని ఆయన లేచి కూచున్నాడు.
వాళ్ళమ్మ భాషలోనూ మేము వేరు, మనం వేరట.
ఇన్ని దేశాలు తిరిగితే ఈ మాట అడిగినవాడు లేడట.
ఆలోచించి, గాల్లో వేలితో ఒక చుట్టు చుట్టాడు
ఇన్బన్‌ని, ఫ్యానుని, బయట ఆటోవాణ్ణి,
పసరు చేతుల నన్ను.
అంటే, మనం ఓడిపోయాం.

మూడో కట్టు శనివారం.
గురువారం రాత్రి ఫోనుకు మెసేజి వచ్చిందట
నాలుగు వరసలు, కింద టికెట్టు.
బద్దలు విప్పకుండానే విమానమెక్కాడు.
వంకాయ మానాలని చెప్పాను, ఏ ఊళ్ళో మానతాడో.

బోర్డు ఇన్బన్ తెచ్చిచ్చాడు.
టోకెన్ నంబర్లు రాసుకుంటున్నాం దాని మీద.
ఎడమ మూల నుంచి పైకి పోయే బాణమొకటి
స్పిరిట్‌తో రుద్దినా పోలేదు,
పసరు మరక పక్కనే ఉంది.
ఈవేళ దాని మొన దగ్గర పద్నాలుగు పడింది:
చేపల మార్కెట్లో జారిన ముసలామె, మణికట్టు.
రామ్మా, అన్నాను, ఇట్టా కూచో,
మీ ఊళ్ళో వానలెప్పుడు?